షుగర్‌తో పాటు బీపీ, కిడ్నీ, గుండె జబ్బు కూడా ఉన్నోళ్లకి: ఊరి క్లినిక్, పీహెచ్‌సీలోనే అన్నీ కలిపి చూసుకునే పద్ధతి

మా అనంతపురం వైపు పల్లెల్లో షుగర్ ఒక్కటే ఉన్న పెద్దవాళ్లు తక్కువ. అరవై దాటిన పెద్దమ్మ వస్తే షుగర్‌తో పాటు బీపీ ఉంటుంది, మోకాళ్ల నొప్పులు ఉంటాయి, పొద్దున్నే థైరాయిడ్ మాత్ర ఒకటి వేసుకుంటా ఉంటుంది, రాత్రయితే అరికాళ్లు మంటలు అంటుంది. షుగర్ మందులు కర్నూల్లో ఒక డాక్టర్ రాస్తారు, గుండెకి బెంగళూరులో ఇంకో డాక్టర్, నొప్పులకి ఊర్లో ఆర్ఎంపీ సూది, కండ్లకి ఇంకెక్కడో. ఎవరి మందు వాళ్లు సరిగ్గానే రాసి ఉండొచ్చు, కానీ ఆ నాలుగు చీటీలు పక్కపక్కన పెట్టి చదివే మనిషి మాత్రం ఉండరు. పీహెచ్‌సీలో ఇట్లాంటి పేషెంట్లతోనే నా పని, అసలు ప్రమాదం ఎక్కువగా అక్కడే ఉందని నా నమ్మకం. ఆ చదివే పని చేయడానికి పెద్దాసుపత్రి అక్కర్లేదు, మన పీహెచ్‌సీ డాక్టర్, ఊరి క్లినిక్‌లో ఉండే ఆరోగ్య ఉద్యోగి ఎంఎల్‌హెచ్‌పీ, ఆశా, ఇంట్లో చదువుకున్న ఒక్క పిల్లాడు చాలు. అందుకే ఇది రాస్తున్నా, ఇంట్లో ఇట్లాంటి పెద్దవాళ్లు ఉన్నోళ్ల కోసం. ఒక్క మాట మాత్రం ముందే, ఇది చదివి మందులు మీకు మీరే ఆపడం, పెంచడం చేయొద్దు, ఇందులో ఉన్నవి డాక్టర్‌ని ఏం అడగాలో తెలియడానికి.

మొదటి పని: మందులన్నీ ఒక సంచిలో

ఇంట్లో ఉన్న ప్రతి మాత్ర, సీసా, సూది మందు, కంటి చుక్కలు, ఆయుర్వేదం పొడి, పసరు, అన్నీ ఒక సంచిలో వేయండి. అయిపోయిన స్ట్రిప్పులు కూడా వేయండి. తర్వాత ఒక నోట్‌బుక్ తీసుకుని ఒక్కో మందుకి ఒక్కో లైన్: కంపెనీ పేరు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎవరు రాశారు, ఎందుకు రాశారు, నిజంగా రోజూ మింగుతున్నారా లేదా. ఈ చివరి ప్రశ్నని కోపంగా అడిగితే నిజం రాదు. "జేజీ, ఏది వేసుకుంటే నీకు ఇబ్బందిగా ఉంటుంది" అని అడిగితే ఆమే చెబుతుంది, ఇది వేసుకుంటే తల తిరుగుతుంది అందుకే రెండ్రోజులకి ఒకసారి వేస్తా అని.

చిన్న అక్షరాలు ఎందుకంటే, ఒకే మందు రెండు పేర్లతో రెండుసార్లు పడడం చానా మామూలు విషయం. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ రెండూ కలిసిన మాత్ర ఒక డాక్టర్ రాస్తారు, ఇంకో చోట మళ్లీ విడిగా గ్లిమిపిరైడ్ రాస్తారు, స్ట్రిప్పులు వేరు, రంగులు వేరు, ఇంట్లో వాళ్లకి అవి వేరే మందులే. రెండూ మింగిన రోజు రాత్రి షుగర్ పడిపోతే ఎందుకో ఎవరికీ అర్థం కాదు. బీపీ మాత్రల్లో కూడా ఇంతే, టెల్మిసార్టాన్ ఒక్కటే ఉన్నది, ఆమ్లోడిపిన్‌తో కలిసినది, నీటి మాత్రతో (యూరిన్ ఎక్కువ పోయేలా చేసే మాత్ర) కలిసినది, ఇట్ల రకరకాలుగా వస్తాయి.

ఇంకోటి, ఒక మందు తెచ్చిన ఇబ్బందికి కొత్త జబ్బు అనుకుని ఇంకో మందు చేరడం. ఆమ్లోడిపిన్ కొందరికి చీలమండల దగ్గర వాపు తెస్తుంది, అది గుండె వాపో కిడ్నీ వాపో అనుకుని నీటి మాత్ర మొదలుపెడతారు, దాంతో సోడియం తగ్గి మనిషి మగతగా అయిపోతుంది. ఎనాలాప్రిల్, రామిప్రిల్ అనే బీపీ మాత్రలు కొందరికి పొడి దగ్గు తెస్తాయి, దానికి నెలల తరబడి దగ్గు సిరప్ తాగుతా ఉంటారు, ఆ సిరప్‌లో చక్కెర. కాబట్టి లిస్టులో ప్రతి మందు పక్కన "ఎప్పటి నుంచి" అని కూడా రాయండి, ఫలానా ఇబ్బంది ఏ మాత్ర తర్వాత మొదలైందో అప్పుడే బయటపడుతుంది.

నాటు మందులు, పొడులు దాచొద్దు. షుగర్ పూర్తిగా పోతుంది, నొప్పులు రెండు రోజుల్లో మాయం అని అమ్మే పొడుల్లో స్టెరాయిడ్ కలిపి ఉండే అవకాశం ఉంది. స్టెరాయిడ్ పడితే నొప్పి నిజంగానే తగ్గుతుంది, కానీ షుగర్ మధ్యాహ్నం నుంచి సాయంత్రం వరకు విపరీతంగా ఎక్కుతుంది, పొద్దున పరగడుపున చూస్తే బాగానే కనిపిస్తుంది. పరగడుపు 120, మధ్యాహ్నం తిన్నాక 350 ఉంటే ఈ అనుమానం కూడా పెట్టుకోండి.

ఈ నోట్‌బుక్ ఫోటో ఒకటి పిల్లల ఫోన్లో పెట్టుకుని, అసలుది 104 బండి ఊరికి వచ్చిన రోజు డాక్టర్‌కి చూపించండి, లేకపోతే పీహెచ్‌సీకే తీసుకుపోండి. ఇకమీదట ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఈ నోట్‌బుక్కే వెళ్లాలి.

రెండో పని: ఏ పరీక్షలు, వాటిని ఎట్ల చదవాలి

షుగర్ మిషన్‌తో చూసే నంబర్ ఆ నిమిషంది మాత్రమే. పరగడుపు 80 నుంచి 130, తిన్న రెండు గంటలకి 180 లోపు, ఇది మామూలుగా పెట్టుకునే లెక్క. హెచ్‌బీఏ1సీ అంటే దాదాపు మూడు నెలల సరాసరి, షుగర్ అదుపులో లేకపోతే మూడు నెలలకి ఒకసారి, నిలకడగా ఉంటే ఆరు నెలలకి ఒకసారి చాలు. అయితే మన ఆడవాళ్లలో రక్తహీనత ఎక్కువ కదా, ఐరన్ తక్కువ ఉన్నోళ్లకి ఈ హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు. రక్తం ఎక్కించుకున్నాక, డయాలిసిస్‌లో ఉన్నోళ్లకి తక్కువ చూపించొచ్చు. మిషన్ నంబర్లకి, హెచ్‌బీఏ1సీకి పొంతన లేకపోతే హిమోగ్లోబిన్ చూడమని అడగండి. ఊరికే మందు డోసు పెంచడానికి ముందు ఇది చూడాలి.

కిడ్నీకి రెండు పరీక్షలు, రెండూ సంవత్సరానికి ఒకసారైనా కావాలి. ఒకటి రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం, రెండోది యూరిన్‌లో ఆల్బుమిన్ అనే ప్రోటీన్. క్రియాటినిన్ దగ్గర చానా మంది మోసపోతారు, 1.2 ఉంది నార్మలే అని ల్యాబ్ కాగితం చెబుతుంది. ముప్పై ఏళ్ల మగాడికి 1.2 అంటే కిడ్నీ వడపోత, అదే ఈజీఎఫ్ఆర్, సుమారు 83 వస్తుంది, బాగానే ఉన్నట్టు. అరవై ఐదేళ్ల ఆడమనిషికి అదే 1.2 అంటే సుమారు 50 వస్తుంది. ఒకే నంబర్, ఒకరికి ఫర్వాలేదు, ఇంకొకరికి కిడ్నీ మీద కన్నేసి ఉంచాల్సిన సంగతి. అందుకే క్రియాటినిన్ ఎంత అని కాకుండా "ఈజీఎఫ్ఆర్ ఎంత" అని అడగండి, వయసు, ఆడా మగా చెబితే ఫోన్లో కూడా లెక్క వస్తుంది. యూరిన్‌లో ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి 30 దాటితే, మళ్లీ చేసినా అట్లే వస్తే, క్రియాటినిన్ ఇంకా బాగున్నా కిడ్నీ దెబ్బ మొదలైనట్టే. కాళ్ల వాపు వచ్చేదాకా ఆగితే అప్పటికి చానా ఆలస్యం అయిపోతుంది, ఇది నాకు ఎప్పుడూ మనసుకి బాధ కలిగించే విషయం, ఎందుకంటే ఆ పరీక్షకి కావాల్సింది కొంచెం యూరిన్ మాత్రమే.

బీపీ చూసేటప్పుడు మనిషి ఐదు నిమిషాలు కూర్చుని ఉండాలి, ఆటో దిగి పరిగెత్తుకుంటా వచ్చి చూపిస్తే ఎక్కువే వస్తుంది. షుగర్ పాతదైతే నిలబెట్టి ఒకటి నుంచి మూడు నిమిషాల్లో ఇంకోసారి చూడాలి, కూర్చున్నప్పుడు 150 ఉన్న మనిషికి నిలబడితే 110 కి పడిపోవచ్చు, నరాలు దెబ్బతిన్నాయని గుర్తు. అట్లాంటి వాళ్లకి బీపీ మాత్ర పెంచుకుంటా పోతే బాత్రూంలో పడి తుంటి ఎముక విరుగుతుంది.

మిగతావి చిన్నగా చెప్తా: కొలెస్ట్రాల్ సంవత్సరానికి ఒకసారి, ఈసీజీ ఒకటి తీసి దాచుకోవాలి, కండ్లలో చుక్కలు వేసి లోపలి పొర చూసే పరీక్ష సంవత్సరానికి ఒకసారి, చూపు బాగుంది కదా అని మానేయొద్దు. పాదాలు ప్రతిసారీ చెప్పులు తీయించి చూడాలి.

మూడో పని: ఏది ముందు, ఏది తర్వాత

అన్ని జబ్బులు ఒకేసారి తగ్గించాలని చూస్తే మాత్రలు పన్నెండు అవుతాయి, మనిషి విసిగిపోయి అన్నీ మానేస్తారు. నేనైతే ఈ వరసలో చూడమంటా.

అన్నిటికంటే ముందు షుగర్ పడిపోకుండా చూడడం. షుగర్ 70 కంటే తక్కువ అంటేనే జాగ్రత్త. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు, కిడ్నీ తగ్గినవాళ్లు, అన్నం సరిగ్గా తిననివాళ్లు, వీళ్లకి 250 ఉన్నదానికంటే 50 అయ్యేదే వెంటనే ప్రాణం తీసేది. గ్లిబెన్‌క్లమైడ్ అనే పాత మాత్ర ముసలివాళ్లకి, కిడ్నీ జబ్బు ఉన్నోళ్లకి వద్దు, లిస్టులో కనిపిస్తే అదే రోజు డాక్టర్‌కి చూపించండి. వయసు, మిగతా జబ్బులు బట్టి టార్గెట్ మారాలి: నలభై ఐదేళ్ల మనిషికి హెచ్‌బీఏ1సీ 7 లోపు కోరుకుంటాం, డెబ్బై ఎనిమిదేళ్లు, గుండె జబ్బు, ఒకసారి కింద పడిన చరిత్ర ఉన్న నాయనకి 8 ఉన్నా సరే. "పక్కింటాయనకి 6.5 వచ్చింది మా నాయనకి 7.9 ఏంటి" అని పోటీ పెట్టొద్దు దయచేసి.

రెండోది బీపీ. షుగర్ పేషెంట్లలో పక్షవాతం, గుండెపోటు, కిడ్నీ పోవడం వీటిని ఆపడంలో బీపీ అదుపు చేసే మేలు ఎక్కువ. 1998లో వచ్చిన బ్రిటన్ పెద్ద పరిశోధన యూకేపీడీఎస్ పక్షవాతం విషయంలో ఇది గట్టిగా చూపించింది. చానా మందికి 130/80 దగ్గర ఉంచాలని చూస్తారు, నిలబడితే పడిపోయేవాళ్లకి కొంచెం వదులుగా. బీపీ మాత్రలు ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ మామూలుగా పీహెచ్‌సీలోనే దొరుకుతాయి, అయినా మనవాళ్లు షుగర్ మాత్ర ఒక్కరోజు తప్పినా భయపడతారు, బీపీ మాత్ర మాత్రం "తల నొప్పి లేదు కదా" అని వారాలు మానేస్తారు.

మూడోది కొలెస్ట్రాల్ మాత్ర. షుగర్ ఉండి నలభై దాటితే చానా మందికి అటోర్వాస్టాటిన్ లాంటిది అవసరం, కొలెస్ట్రాల్ నంబర్ మామూలుగా ఉన్నా సరే. అది షుగర్ పెంచుతుందని వాట్సాప్‌లో చదివి మానేసిన వాళ్లు ఉన్నారు, కొంచెం పెంచే మాట నిజమే, కానీ గుండెపోటు తప్పించే లాభం దానికంటే చానా పెద్దది. ఆస్పిరిన్ అట్ల కాదు, షుగర్ ఉన్న ప్రతి ఒక్కరికీ అవసరం లేదు, కడుపులో రక్తం పోయే ప్రమాదం ఉంది. గుండెపోటు వచ్చినవాళ్లు, స్టెంట్ వేసుకున్నవాళ్లు మాత్రం డాక్టర్ చెప్పకుండా ఒక్కరోజు కూడా ఆపకూడదు, పన్ను పీకించుకోవాలన్నా అడిగే ఆపాలి.

నాలుగో పని: జబ్బుల జతలు ఒక్కొక్కటిగా

షుగర్, కిడ్నీ. మెట్‌ఫార్మిన్ కిడ్నీని పాడు చేస్తుందని ఊర్లో గట్టిగా నమ్ముతారు, అది తప్పు. కిడ్నీ ఇంకేదో కారణంతో తగ్గినప్పుడు ఆ మందు ఒంట్లో నిలిచిపోతుంది, అందుకే తగ్గించాలి. ఈజీఎఫ్ఆర్ 45 కంటే తగ్గితే డోసు సగం చేస్తారు, 30 కంటే తగ్గితే ఆపేస్తారు. టెల్మిసార్టాన్, ఎనాలాప్రిల్ లాంటివి యూరిన్‌లో ఆల్బుమిన్ పోయేవాళ్ల కిడ్నీని కాపాడతాయి, అయితే మొదలుపెట్టిన రెండు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం ఒకసారి చూడాలి, కొంచెం పెరిగితే భయం లేదు, 30 శాతం కంటే ఎక్కువ పెరిగితే డాక్టర్ ఆలోచించాలి. ఇంకా డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు, షుగర్ యూరిన్‌లో పంపించేవి, కిడ్నీకి, గుండె బలహీనతకి రెండిటికీ మేలు చేస్తాయి, జనరిక్ వచ్చాక ధర బాగా తగ్గింది, మీ అమ్మకి పనికొస్తుందా అని తప్పకుండా అడగండి. వీటితో మర్మావయవాల దగ్గర దురద, పుండు రావొచ్చు, ఆడవాళ్లు సిగ్గుపడి చెప్పరు, ముందే చెప్పి రోజూ శుభ్రంగా కడుక్కోమనాలి, వస్తే ఊరి నర్సు ఏఎన్ఎమ్మకి చెబితే చాలు.

షుగర్, గుండె. గుండె బలహీనంగా ఉండి ఆయాసం, కాళ్ల వాపు ఉన్నోళ్లకి పయోగ్లిటజోన్ అనే షుగర్ మాత్ర వద్దు, ఒంట్లో నీరు చేరుతుంది. మెటోప్రొలాల్ లాంటి గుండె మాత్ర వాడేవాళ్లకి షుగర్ పడిపోయినప్పుడు వణుకు, గుండెదడ తెలియకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది. కాబట్టి కారణం లేకుండా ఒళ్లంతా చల్లని చెమట పడితే మిషన్‌తో చూడాల్సిందే. పాత షుగర్ ఉన్నోళ్లకి గుండెపోటు ఛాతీ నొప్పి లేకుండా కూడా రావొచ్చు, ఉన్నట్టుండి ఆయాసం, చెమట, కడుపులో తిప్పినట్టు, గ్యాస్ అనుకుని సోడా తాగించి పడుకోబెట్టొద్దు, ఈసీజీ తీయించండి.

షుగర్, కీళ్ల నొప్పులు. దీని గురించి ఎక్కువ రాస్తా, ఎందుకంటే మన జిల్లాల్లో వీటికి వాడే నొప్పి మాత్రలు చానా కిడ్నీల్ని తినేస్తా ఉన్నాయి. అనంతపురం జిల్లాలో చానా ఊర్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది, దానికి తోడు చెనిక్కాయ చేన్లో వంగి చేసిన పని, నడుం, మోకాళ్లు పట్టేస్తాయి. నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ స్ట్రిప్పు చీటీ లేకుండా ఇస్తారు, ఆర్ఎంపీ దగ్గర అదే సూది. షుగర్ మనిషికి ఇవి కిడ్నీని దెబ్బతీస్తాయి, బీపీ పెంచుతాయి, గుండె బలహీనత ఉంటే నీరు చేరుస్తాయి. టెల్మిసార్టాన్, నీటి మాత్ర, నొప్పి మాత్ర ఈ మూడూ ఒకే మనిషి ఒంట్లో కలిశాయంటే, అందులోనూ ఎండాకాలం నీళ్లు తక్కువ తాగే రోజుల్లో, కిడ్నీ ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. ఇక్కడ ఎవరి చీటీలోనూ ఈ మూడూ కలిసి కనపడవు, నొప్పి మాత్ర అసలు ఏ చీటీలోనూ ఉండదు, అందుకే మొదటి పనిలో సంచి గురించి అంత గట్టిగా చెప్పింది.

మరి నొప్పికి ఏం చేయాలి అంటే, పారాసిటమాల్ డాక్టర్ చెప్పిన డోసులో, పైన రాసుకునే జెల్ కొంచెం కొంచెం, తొడ కండరాలకి వ్యాయామం: కుర్చీలో కూర్చుని కాలు చాపి పది లెక్కపెట్టి దించడం, రోజూ. బరువు నాలుగైదు కిలోలు తగ్గినా మోకాలికి తేడా తెలుస్తుంది. తాగే నీళ్లు మార్చండి, ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు కాచినా ఫ్లోరైడ్ పోదు. అరికాళ్ల మంటలు వేరే, అది నరాల నొప్పి, దానికి డైక్లోఫెనాక్ పని చేయదు, రాత్రి వేసుకునే వేరే మందులు ఉన్నాయి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే విటమిన్ బీ12 తగ్గి కూడా ఇవే తిమ్మిర్లు వస్తాయి, మాంసం, పాలు తక్కువ తినేవాళ్లలో ఇంకా ఎక్కువ, ఒకసారి చూపించుకోవాలి.

షుగర్, టీబీ. షుగర్ ఉన్నోళ్లకి టీబీ వచ్చే అవకాశం రెండు మూడు రెట్లు ఎక్కువ. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, వీటిలో ఏది ఉన్నా గళ్ల (కఫం) పరీక్ష చేయించాలి. బరువు తగ్గితే "షుగర్ వల్లే" అనుకుని వదిలేస్తారు, అదే ప్రమాదం. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ ఉంటుంది, అది గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్రల పని తగ్గిస్తుంది, అందుకే టీబీ కోర్సు మొదలయ్యాక షుగర్ ఎక్కుతుంది, చానా మందికి కొన్నాళ్లు ఇన్సులిన్ కావాల్సి వస్తుంది. కోర్సు అయిపోయాక మళ్లీ డోసు తగ్గించాలి, ఇది మర్చిపోతే షుగర్ పడిపోతుంది. ఇంకో టీబీ మందు ఐసోనియాజిడ్ తిమ్మిర్లు పెంచుతుంది కాబట్టి బీ6 మాత్ర తోడుగా ఇస్తారు, ఇచ్చారో లేదో చూసుకోండి. టీబీ పేషెంట్ల తిండికి ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పోషణ్ డబ్బు ఇప్పుడు నెలకి 1000 రూపాయలు, కోర్సు ఉన్నన్నాళ్లు బ్యాంకు ఖాతాలో పడుతుంది.

షుగర్, థైరాయిడ్. మాత్ర పరగడుపున నీళ్లతో, టీ తాగేది అరగంట నుంచి గంట తర్వాత. ఐరన్, కాల్షియం మాత్రలకి దానికి మధ్య నాలుగు గంటలు ఎడం. పొద్దున్నే అన్ని మాత్రలు ఒకే గుక్కలో మింగేస్తే థైరాయిడ్ మాత్ర ఒంటికి పట్టదు. అంతే.

షుగర్, దిగులు. ఇన్ని మాత్రలు, ఇన్ని పథ్యాలు మోసే మనిషికి మనసు కుంగిపోవడం సహజం. రెండు వారాలుగా దేని మీదా ఆసక్తి లేదు, నిద్ర లేదు, మందులు ఎందుకు లే అంటున్నారు అంటే అది మొండితనం కాదు, దానికీ వైద్యం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఐదో పని: తిండి

మన రాయలసీమలో ఒక పెద్ద నమ్మకం, రాగి సంగటి ఎంత తిన్నా షుగర్ పెరగదని. రాగుల్లో పీచు, కాల్షియం బియ్యం కంటే మేలే, కానీ పిండి పదార్థం దాదాపు అంతే ఉంటుంది. పైగా సంగటిలో బియ్యం కూడా వేస్తారు. కొబ్బరికాయంత ముద్ద తిని చూస్తే రెండు గంటలకి మిషనే చెబుతుంది. ముద్ద సైజు సగం చేసి, పక్కన ఆకుకూర పప్పు, అలసందలు, కోడిగుడ్డు పెంచండి. కొర్రలు, జొన్న రొట్టె కూడా ఇదే లెక్క. ఉగ్గాణి బజ్జీ పూర్తిగా మానేయమని నేను చెప్పను, మానేయమంటే దాక్కుని తింటారు, వారానికి ఒకసారి చిన్న ప్లేటు, బజ్జీ ఒకటి, ఆ రోజు నడక కొంచెం ఎక్కువ.

బీపీ, గుండె, కిడ్నీ మూడిటికీ ఉప్పే శత్రువు. రోజుకి అందరికీ కలిపి కాదు, ఒక మనిషికి ఒక టీస్పూన్ లోపు. ఊరగాయ, అప్పడం, వడియం, మజ్జిగ మిరపకాయ, ఇవన్నీ ఆ స్పూన్‌లోకే వస్తాయి. ఉప్పు తగ్గించడానికి పొటాషియం ఉండే ఉప్పు కొంటా ఉంటారు కొందరు, కిడ్నీ తగ్గినవాళ్లు, టెల్మిసార్టాన్ వేసుకునేవాళ్లు దాన్ని డాక్టర్‌ని అడగకుండా వాడొద్దు. కిడ్నీ బాగా తగ్గి పొటాషియం ఎక్కువ వచ్చిన వాళ్లకి కొబ్బరినీళ్లు, అరటిపండు కూడా తగ్గించాలి, మామూలు షుగర్ పేషెంట్‌కి మంచివన్నవే వీళ్లకి కాదు. పప్పు పూర్తిగా మానేయడం కూడా తప్పే, డయాలిసిస్ మొదలైన వాళ్లకి ప్రోటీన్ ఇంకా ఎక్కువ కావాలి. కాబట్టి కిడ్నీ రిపోర్టు చూడకుండా చెప్పే డైట్ చార్టు ఏదైనా పక్కన పెట్టండి.

ఆరో పని: ఎండ, ఉపవాసం, నడక యాత్ర

ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, కడప, అనంతపురం 40 డిగ్రీలు దాటిపోతాయి. ఇన్సులిన్ వాడేవాళ్లు తెరవని సీసాని ఫ్రిజ్‌లో పెట్టాలి, ఫ్రీజర్‌లో కాదు. వాడుతున్న సీసా చల్లని చోట నెల రోజుల లోపు అయిపోవాలి. ఫ్రిజ్ లేకపోతే సీసాని నీళ్లు పోకుండా చిన్న డబ్బాలో మూత పెట్టి మట్టికుండ నీళ్లలో ఉంచండి, బస్సులో వెళ్తే ఎండ పడే కిటికీ దగ్గర సంచి పెట్టొద్దు.

ఇక్కడే సిరంజి సంగతి చెప్పాలి. సీసా మీద 40 అని ఉంటే ఎర్ర మూత సిరంజి, 100 అని ఉంటే ఆరెంజ్ మూత సిరంజి. 100 ఇన్సులిన్‌ని ఎర్ర మూత సిరంజితో 20 గీత వరకు తీస్తే ఒంట్లోకి పోయేది 50 యూనిట్లు, రెండున్నర రెట్లు. ఆసుపత్రి మార్చినప్పుడు, ఊరికి తిరిగొచ్చి షాపులో కొన్నప్పుడు ఇది జరుగుతుంది. కొన్న ప్రతిసారీ సీసా మీద అంకె, మూత రంగు రెండూ చూసుకోండి.

రంజాన్ ఉపవాసం ఉండాలనుకునే వాళ్లు నెల ముందే రావాలి, మొదటి రోజు కాదు. కడప, కర్నూల్లో చానా మంది పెద్దవాళ్లు చెప్పకుండా ఉండిపోతారు, డాక్టర్ వద్దంటారేమోనని. చెబితే చానా మందికి దారి ఉంది: గ్లిమిపిరైడ్‌ని ఇఫ్తార్ (సాయంత్రం ఉపవాసం విడిచే భోజనం) వైపు మార్చడం, సహరీ (తెల్లవారకముందు తినే భోజనం) డోసు తగ్గించడం, సహరీ వీలైనంత ఆలస్యంగా తినడం. వేలికి సూది పొడిచి చూసుకుంటే ఉపవాసం పోదనే చానా మంది మతపెద్దలు చెబుతారు. 70 కంటే తగ్గినా, 300 దాటినా ఉపవాసం విడవాలి. కిడ్నీ బాగా తగ్గినవాళ్లు, ఈమధ్యే షుగర్ పడిపోయి ఆసుపత్రిలో చేరినవాళ్లు, గుండెపోటు వచ్చి ఎక్కువ రోజులు కానివాళ్లు ఉండకపోవడమే క్షేమం. శివరాత్రి, ఏకాదశికి కూడా ఇదే మాట, ఉపవాసం అని అన్నం మాని మాత్ర మాత్రం వేసుకునే వాళ్లు ఎంతమందో.

శ్రీశైలానికి నల్లమల గుండా నడిచి వెళ్లే భక్తులు ఉంటారు, కొందరు చెప్పులు లేకుండా. పాదాల్లో స్పర్శ పోయిన మనిషికి ముల్లు గుచ్చుకున్నా, తారు రోడ్డు కాల్చినా తెలియదు, తెలిసేసరికి చీము. వెళ్లేముందు పాదం పరీక్ష చేయించుకోండి, స్పర్శ లేదంటే మెత్తని చెప్పులతోనే వెళ్లండి, లేదా బస్సులో వెళ్లండి. రోజూ రాత్రి అరికాలు అద్దంలో చూసుకోవడం యాత్రలో కూడా మానొద్దు. స్పర్శ లేని కాలికి వేడినీళ్ల కాపడం అసలు వద్దు.

ఏడో పని: ఒంట్లో బాగాలేని రోజు ఏం ఆపాలి, ఎప్పుడు పరిగెత్తాలి

వాంతులు, విరేచనాలు పట్టుకుని నీళ్లు కూడా నిలవని రోజు మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్ర, నీటి మాత్ర, నొప్పి మాత్ర ఇవి ఒంటికి హాని చేస్తాయి. మామూలుగా తిని తాగడం మొదలైన ఒకటి రెండు రోజుల దాకా వీటిని ఆపమని డాక్టర్లు చెబుతారు. మీ మనిషికి ఏవేవి ఆపాలో ఇప్పుడే, బాగున్నప్పుడే, డాక్టర్‌ని అడిగి నోట్‌బుక్ చివరి పేజీలో రాయించుకోండి. ఇన్సులిన్ మాత్రం తిండి లేదని పూర్తిగా ఆపేయకూడదు, జబ్బు రోజుల్లో షుగర్ పెరుగుతుంది, డోసు ఎంతో ఫోన్ చేసి అడగాలి. డాపాగ్లిఫ్లోజిన్ వేసుకునేవాళ్లకి షుగర్ 200 లోపే ఉన్నా ఒంట్లో ఆమ్లం పెరిగిపోయే ప్రమాదం ఉంది, వాంతులు, కడుపు నొప్పి, ఎగశ్వాస ఉంటే మిషన్ నంబర్ చూసి ఊరుకోవద్దు. ఆపరేషన్ ఉంటే ఆ మాత్ర మూడు రోజుల ముందే ఆపిస్తారు, సర్జన్‌కి ఆ పేరు చెప్పండి.

షుగర్ 70 లోపు పడిపోయి మనిషి స్పృహలో ఉంటే మూడు టీస్పూన్ల చక్కెర గానీ గ్లూకోజ్ గానీ నీళ్లలో, పదిహేను నిమిషాలకి మళ్లీ చూడాలి, తగ్గే ఉంటే మళ్లీ ఇవ్వాలి, పెరిగాక ఏదైనా తినిపించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పక్కకి తిప్పి పడుకోబెట్టి 108 కి చేయండి. గ్లిమిపిరైడ్ వల్ల పడిపోయిన షుగర్ చక్కెర నీళ్లకి లేచినా కొన్ని గంటల్లో మళ్లీ పడిపోవచ్చు, కిడ్నీ తగ్గినవాళ్లలో ఇంకా ఎక్కువ, అందుకే లేచి కూర్చున్నారు కదా అని ఇంట్లోనే ఉంచుకోకుండా ఒక రోజైనా ఆసుపత్రిలో ఉంచమంటాం.

మూతి వంకర పోవడం, చేయి పడిపోవడం, మాట తడబడడం ఉంటే ముందు షుగర్ చూడాలి, తక్కువ లేకపోతే పక్షవాతం అనుకుని సీటీ స్కాన్ ఉన్న చోటికి నేరుగా వెళ్లాలి, గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలే టైం, దారిలో రెండు చోట్ల ఆగితే అయిపోతుంది. మన వైపు కర్నూలు, అనంతపురం సర్వజన ఆసుపత్రులు, కడప రిమ్స్ ఉన్నాయి, 108 వాళ్లని ఎక్కడ స్కాన్ ఉందో అడిగి అక్కడికే తీసుకుపొమ్మనండి. కాలి పుండు నల్లబడినా, జ్వరంతో పాటు కాలు ఎర్రగా వాచినా అదే రోజు వెళ్లాలి, రేపు సంత అయ్యాక అనుకోవద్దు.

బయల్దేరేటప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవకి పనికొచ్చే కార్డు, ఆధార్, ఆ నోట్‌బుక్ మూడూ తీసుకోండి. డిశ్చార్జ్ అయి వచ్చిన వారంలోపు కొత్త చీటీని, పాత లిస్టుని పీహెచ్‌సీ డాక్టర్ ముందు పక్కపక్కన పెట్టి, ఏది కొత్తది, ఏది ఆగిపోయింది, ఏది పాతదే కొత్త పేరుతో వచ్చింది అని ఒక్కో లైన్ చూసి, ఆగిపోయిన మందులు కొట్టేసి, ఇంట్లో మిగిలిన ఆ స్ట్రిప్పులు సంచిలోంచి తీసేయండి.